మొదటి డెబ్బదిరెండు గంటలు

భిలాయి ఉక్కు కర్మాగారమున కరిగిన లోహము చింది యొకని చేయి కాలినచో, తప్పెవరిదను విచారణ ముగియువరకు వానిని అచ్చటనే నిలిపియుంచువారుండరు. ముందు వైద్యము, పిదప విచారణ యనునది ఆ కర్మాగారమును నమ్ముకొని వచ్చి రిసాలిలో స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఒకరు చెప్పవలసిన మాట కాదు. కాని ఆడుబిడ్డపై అత్యాచారము జరిగినపుడు మన సమాజమున ఆ క్రమమే తలక్రిందులగుచున్నది: తలుపులు మూసికొని, ఫిర్యాదు చేయుదమా వలదా, బంధువులేమందురు అని పెద్దలు తర్కించుచుండగనే రెండు రాత్రులు గడచిపోవును.

అత్యాచారమువలన సోకగల హెచ్.ఐ.వి. క్రిమి శరీరమున ప్రవేశించిన క్షణముననే రక్తమంతట వ్యాపింపదు. ప్రవేశించినచోటి కణములలో వృద్ధిపొంది పైకి ప్రాకుటకు కొంత వ్యవధి కావలయును. ఆ వ్యవధిలో, వీలైనచో రెండు గంటలలోపల, ఎంత ఆలస్యమైనను 72 గంటలు దాటకుండ, ఆసుపత్రివారు 'పెప్' అని వ్యవహరించు మందులను ఆరంభించి 28 దినములు విడువక సేవించినచో, వ్యాధి నెలకొనకుండ చాలవరకు నివారింపవచ్చును. ఒక్క సంపర్కముచే వ్యాధి సోకు అవకాశము సామాన్యముగా స్వల్పమేయైనను, బలాత్కారమున గాయములైనపుడు, దుండగులు పలువురైనపుడు అది హెచ్చును. నేరస్థుడు దొరకి వాని రక్తము పరీక్షింపబడువరకు వేచియుండుట ఘోరమైన పొరపాటు.

ఇంకొక అపోహ గలదు. మొదటి దినపు రక్తపరీక్షలో వ్యాధి లేదని తేలగానే గండము గడచినదని తలచి యింటికి మరలువారున్నారు. ఆ పరీక్ష తెలుపునది ఆ ఘోరమునకు పూర్వపు స్థితిని మాత్రమే. ఆనాడు సోకిన క్రిమి పరీక్షకు చిక్కుటకు వారములు పట్టును. కావుననే ఆరు వారములకును, మూడు నెలలకును మరల పరీక్ష చేయించుకొనవలయును. వికారము చేతనో, మనోవేదన చేతనో నడుమనే మందులు మానివేయు ప్రమాదమున్నది గనుక, ఆ నాలుగు వారములును తల్లియో అక్కయో ఆమె చెంతనుండుట మిక్కిలి అవసరము.

బాధితురాలికి ప్రభుత్వ వైద్యశాలయే గాక ప్రైవేటు ఆసుపత్రియు తక్షణమే ఉచితముగా చికిత్స చేయవలయునని 2013 నాటి చట్టసవరణ విధించెను; 2024 జూలై 1న అమలునకు వచ్చిన నూతన నేరచట్ట సంహితలును ఆ విధిని నిలిపియుంచి, నిరాకరించినవారికి సంవత్సరము వరకు కారాగారశిక్షను నిర్దేశించుచున్నవి. ఎఫ్.ఐ.ఆర్. కాగితము తెచ్చినగాని చూడనను అధికారము ఏ డాక్టరునకును లేదు. ఆసుపత్రి పోలీసులకు తెలుపవలసియున్నను, కేసు వలదను స్త్రీకిని చికిత్స నిరాకరింపరాదని 2014 నాటి కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకములు చెప్పుచున్నవి. బాధిత స్త్రీలకు ఒకేచోట సహాయమందించు 'సఖీ' కేంద్రములలో దేశమున మొదటిది 2015 జూలైలో మన రాయ్‌పూర్‌నందే తెరవబడినది.

ఇన్ని యున్నను, అర్ధరాత్రి వచ్చిన బాలికకు మందుల గది తాళము తెల్లవారువరకు తీయబడనిచో ఈ చట్టములేమి చేయగలవు? దుర్గ్‌లోను భిలాయిలోను గల ప్రతి పెద్ద ఆసుపత్రియు పెప్ మాత్రల మొదటి మోతాదును అత్యవసర విభాగముననే, రాత్రిపూట డ్యూటీలోనున్న నర్సు చేతికందునట్లు, ఆదివారములందును సిద్ధముగా నుంచవలయును. ఉగాదికి మనలను కూర్చు తెలుగు సంఘములవారు, స్త్రీల సహాయమునకై 181, హెచ్.ఐ.వి. సలహాకై 1097 అను ఫోను సంఖ్యలను ఆ సభలోనే, ఆడపిల్లలును మగపిల్లలును వినుచుండగా, బిగ్గరగా చదివి వినిపింపవలయును.