మందుకు మినహాయింపు, దారికి కంచె

ఆర్థిక ఆంక్షలు విధించే దేశాలన్నీ ఒక మాట మరవకుండా చెబుతాయి: మందులకూ వైద్య పరికరాలకూ ఇవి వర్తించవని. ఆ మాట అబద్ధమేమీ కాదు. అమెరికా 2000లో చేసిన చట్టం ఆహారానికీ మందులకూ ఆంక్షల నుంచి చాలావరకు సడలింపు ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 2022 డిసెంబరులో ఆమోదించిన 2664వ తీర్మానం, ఆస్తుల స్తంభన మానవతా సాయానికి అడ్డు రాకూడదని చెప్పింది. అయినా క్యూబాలోనూ ఇరాన్‌లోనూ ఒక ఫిల్టరు కోసం, ఒక విడిభాగం కోసం ప్రయోగశాలలకు ఎదురుచూపులు తప్పడం లేదు. కారణం నాకు ఒకటే కనిపిస్తోంది. మినహాయింపు తయారైన మందుకు ఉంది, మందు తయారయ్యే దారికి లేదు. ఊరు వెలివేసిన ఇంటికి మంత్రసాని వెళ్లవచ్చని తీర్మానం రాసి, ఆ ఇంటి బాటకు కంచె కడితే ఆ తీర్మానం ఎవరికి పనికొస్తుంది? శాంతియుత జీవసాంకేతిక రంగంలో దేశాల మధ్య సహకారం ఇవాళ ఆ కంచె దగ్గరే ఆగిపోతోంది.

ఈ రంగంలో దారి ఎంత పొడవైనదో ముందు చూడాలి. ఒక టీకా సీసాలోకి చేరేలోపు కణాలు, వాటిని పెంచే పోషక ద్రవం (మీడియా), బయోరియాక్టర్, అందులో వాడి పారేసే సంచులు, ఫిల్టర్లు, ప్రొటీన్‌ను శుద్ధి చేసే రెజిన్, యంత్రాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, చల్లదనం తగ్గకుండా చేర్చే కొరియర్, డబ్బు చెల్లించే బ్యాంకు, సరుకుకు బీమా ఇచ్చే కంపెనీ అన్నీ కలిసిరావాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పుకున్నా మిగతావన్నీ ఉండి లాభం లేదు. మరో దేశంలో తయారైన యంత్రమైనా సరే, దాని విలువలో అమెరికా భాగాలు 10 శాతం మించితే క్యూబాకు పంపడానికి అమెరికా లైసెన్సు కావాలి. ఈ గొలుసు ఎంత సున్నితమో ఆంక్షలు లేని మిత్రదేశమైన మనకే 2021 ఏప్రిల్‌లో తెలిసివచ్చింది. అమెరికా తన అవసరాలకు పెద్దపీట వేసి టీకా ముడిసరుకుల ఎగుమతిని బిగించినప్పుడు, పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ అధిపతి అదర్ పూనావాలా ఆ నిషేధం ఎత్తేయమని అమెరికా అధ్యక్షుడినే బహిరంగంగా అభ్యర్థించాల్సి వచ్చింది. కొన్ని రోజులకు వాషింగ్టన్ దిగివచ్చింది. ప్రపంచంలో అతి పెద్ద టీకా తయారీదారుకే ఆ ఇబ్బంది ఎదురైతే, ఆరు దశాబ్దాలుగా ఆంక్షల కింద ఉన్న చిన్న దీవి పరిస్థితి వేరే చెప్పనక్కర్లేదు.

ఆ దీవి కథే ఈ వాదనకు గట్టి ఆధారం. క్యూబాపై అమెరికా వాణిజ్య నిషేధం 1962 నుంచి ఉంది. 1992 నాటి చట్టం విదేశాల్లోని అమెరికా అనుబంధ కంపెనీలనూ అందులోకి లాగింది. అయినా ఆ దేశపు జీవసాంకేతికతకు తొలి విత్తనం పడింది ఒక అమెరికా వైద్యుడి చొరవతోనే. హూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ ఆస్పత్రి మాజీ అధిపతి రాండాల్ఫ్ లీ క్లార్క్ 1980లో హవానా వెళ్లి, వైరస్‌లను ఎదుర్కొనే ఇంటర్‌ఫెరాన్ అనే ప్రొటీన్ గురించి చెప్పారు. క్యూబా వైద్యులు ముందు హూస్టన్ వెళ్లారు. 1981లో ఆరుగురు శాస్త్రజ్ఞులు హెల్సింకీలో కారి కాంటెల్ ప్రయోగశాలకు వెళ్లి, తెల్ల రక్తకణాల నుంచి ఇంటర్‌ఫెరాన్ తీసే పద్ధతి నేర్చుకున్నారు. ఆ ఫిన్లాండ్ శాస్త్రజ్ఞుడు దాన్ని దాచుకోకుండా నేర్పాడు. తిరిగి వచ్చిన కొద్ది వారాలకే వాళ్లు హవానాలో ఒక చిన్న ఇంట్లో దాన్ని తయారుచేశారు. అదే ఏడాది 158 మందిని బలిగొన్న డెంగీ విజృంభణలో అది వైద్యుల చేతికి అందింది. చనిపోయినవారిలో 101 మంది పిల్లలు. 1986లో జెనెటిక్ ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ కేంద్రం, 1994లో మాలిక్యులర్ ఇమ్యునాలజీ కేంద్రం ఆ చిన్న ఇంటి కొనసాగింపుగానే వచ్చాయి.

ఆ తర్వాత కంచె వల్ల ఎవరు నష్టపోయారో చూడండి. 1980ల చివర హవానా శాస్త్రజ్ఞులు బి రకం మెనింజైటిస్‌కు టీకా తెచ్చారు. ఆ రకంపై పనిచేసిన తొలి టీకాల్లో అది ఒకటి. బ్రిటిష్ కంపెనీ స్మిత్‌క్లైన్ బీచమ్ దాన్ని అభివృద్ధి చేయడానికి అమెరికా ఆర్థికశాఖ 1999లో గానీ లైసెన్సు ఇవ్వలేదు. అదీ క్యూబాకు చెల్లింపులు తొలి దశలో డబ్బు రూపంలో కాక ఆహారం, మందుల రూపంలో జరగాలన్న షరతు మీద. క్యూబాలో తిరిగే సూక్ష్మజీవి రకం ఆధారంగా తయారైన టీకా కాబట్టి అన్నిచోట్లా అది ఒకేలా పనిచేయదు; నిజమే. కానీ ఎక్కడ ఎంత పనిచేస్తుందో తేల్చేది ఉమ్మడి పరిశోధనే, లైసెన్సు దస్త్రం కాదు. అమెరికాలో బి రకానికి టీకా అనుమతి పొందింది 2014లో. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు క్యూబా తయారుచేసిన సిమావాక్స్ టీకా కథా ఇంతే. రెండు దేశాలూ దగ్గరైన 2015లో న్యూయార్క్ రాష్ట్రం బఫెలోలోని రాస్‌వెల్ పార్క్ క్యాన్సర్ సంస్థ హవానాలోని మాలిక్యులర్ ఇమ్యునాలజీ కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. మరుసటి ఏడాది అక్టోబరులో ఉమ్మడి వైద్య పరిశోధనపై ఆంక్షలను అమెరికా సడలించింది, ఆ నెలలోనే ఈ టీకాపై ప్రయోగాలకు అనుమతి వచ్చింది. అర్ధశతాబ్ది కంచెలో చిన్న సందు తెరుచుకుంటే తొలి మేలు పొందే అవకాశం బఫెలో నగరపు రోగులకు వచ్చింది. ఇదే హవానా సంస్థతో బెంగళూరు కంపెనీ బయోకాన్ ఎప్పుడో చేతులు కలిపి, తల, మెడ క్యాన్సర్లకు నిమోటుజుమాబ్‌ను 2006లోనే మన రోగులకు అందించింది. సోరియాసిస్‌కు 2013లో వచ్చిన ఇటోలిజుమాబ్ మూలమూ అక్కడిదే. శాస్త్రం రెండు చోట్లా ఒకటే. తేడా వచ్చిందల్లా దారి తెరిచి ఉండటంలో.

కంచెకు చట్టం ఒక్కటే కారణం కాదు, భయం అంతకన్నా పెద్ద కారణం. పది లక్షల డాలర్ల మందుల లావాదేవీలో ఒక బ్యాంకుకు మిగిలేది కొద్ది కమిషన్. పొరపాటు జరిగితే కట్టాల్సిన జరిమానా దానికి ఎన్నో వేల రెట్లు. అందుకే న్యాయసలహాదారు ‘చట్టప్రకారం చేయవచ్చు’ అన్నా బ్యాంకు మేనేజరు ‘మనకెందుకు’ అంటాడు. 2020లో కోవిడ్ ముంచుకొచ్చినప్పుడు క్యూబాకు వెంటిలేటర్లు అందించే స్విట్జర్లాండ్ కంపెనీలను ఒక అమెరికా కంపెనీ కొనేసి ఉండటంతో సరఫరా ఆగిపోయింది. ఇరాన్‌కు మందులు, ఆహారం వంటివాటి వాణిజ్యం సాగేలా ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్ కలిసి 2019లో ‘ఇన్‌స్టెక్స్’ అనే చెల్లింపుల ఏర్పాటు చేశాయి. మొదటి లావాదేవీ 2020 మార్చిలో గానీ జరగలేదు. 2023లో దాన్ని మూసేసేదాకా రెండోది జరగనే లేదు. మూడు పెద్ద ప్రభుత్వాలు వెనకుండి నడిపించినా బ్యాంకుల భయం పోలేదు. అంతర్జాతీయ న్యాయస్థానం 2018 అక్టోబరు 3న మందులు, వైద్య పరికరాలు ఇరాన్‌కు చేరకుండా ఉన్న అడ్డంకులు తొలగించమని న్యాయమూర్తులందరి ఏకాభిప్రాయంతో అమెరికాను ఆదేశించింది. అదే రోజు అమెరికా ఆ కేసుకు ఆధారమైన 1955 నాటి మైత్రి ఒప్పందం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది.

దీనికి ఎదురయ్యే అభ్యంతరాల్లో బలమైనది భద్రత. టీకా పెంచే బయోరియాక్టరులోనే ఆంత్రాక్స్‌నూ పెంచవచ్చు. ఇరాక్ ఇందుకు కళ్లెదుటి నిదర్శనం. బాగ్దాద్ దగ్గర అల్ దౌరాలో గాలికుంటు వ్యాధి టీకా కోసం ఫ్రెంచి సాయంతో కట్టిన కర్మాగారాన్ని సద్దాం ప్రభుత్వం 1990లో బొటులినం విషం తయారీకి మళ్లించింది. ఈ భయాన్ని నేను చిన్నబుచ్చను. అయితే ఆ గుట్టు ఎలా బయటపడిందో కూడా చూడాలి. ఐక్యరాజ్యసమితి తనిఖీదారులు ఇరాక్ దిగుమతి చేసుకున్న టన్నుల కొద్దీ సూక్ష్మజీవుల ఆహారానికీ, ఆస్పత్రుల వాడకానికీ లెక్క కుదరడం లేదని పట్టుకున్నారు. 1995 జులైలో ఇరాక్ ఒప్పుకోక తప్పలేదు. ఆ తనిఖీలను ఒప్పించడంలో ఆంక్షల ఒత్తిడికీ పాత్ర ఉంది, కాదనను. కానీ నిజం తేల్చింది మాత్రం లోపలికి వెళ్లి లెక్క చూసిన మనుషులే. 1996లో ఆ కర్మాగారాన్ని పనికిరాకుండా చేశారు. కొత్త టీకా ఏర్పాటు సరిగా జరగలేదు. కొద్ది ఏళ్లలోనే గాలికుంటు ఇరాక్ పశువులను చుట్టుముట్టింది. శిక్ష సద్దాంకు వేశామనుకుంటే అనుభవించింది పాడిరైతు. క్యూబా విషయంలో దీనికి సరిగ్గా తిరగబడ్డ ఉదాహరణ ఉంది. 2002 మేలో అమెరికా అధికారి జాన్ బోల్టన్ క్యూబా జీవాయుధ పరిశోధన చేస్తోందని ఆరోపించారు. కొద్ది రోజులకే అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ హవానాలోని జెనెటిక్ ఇంజినీరింగ్ కేంద్రానికి వెళ్లి, తనకు ముందుగా వివరాలు చెప్పిన అమెరికా అధికారులు అలాంటి ఆధారమేదీ చూపలేదన్నారు. తర్వాత అమెరికా నిఘావర్గాలే తమ అంచనాను తగ్గించుకున్నాయి. రాకపోకలు లేనిచోట అనుమానం రుజువూ కాదు, తొలగిపోనూ పోదు, పెరుగుతూ పోతుంది. తలుపు మూయడం వల్ల భద్రత పెరగదు, చూపు తగ్గుతుంది.

రెండో అభ్యంతరం, ఈ ప్రభుత్వాలు తమ చేతగానితనాన్ని ఆంక్షల ఖాతాలో రాస్తాయని. కొంత నిజం. క్యూబా ఆర్థిక విధానాల వైఫల్యం, కోవిడ్ టీకాల పూర్తి వివరాలను శాస్త్ర పత్రికల్లో ప్రచురించడంలో చేసిన ఆలస్యం దాని స్వయంకృతాలే. కానీ ఆంక్షలు ఉన్నంతకాలం ఏ తప్పు ఎవరిదో తేల్చే వీలు లేదు. ఆ సాకును అందించేది ఆంక్షలే. మూడోది, కట్టడే స్వావలంబన నేర్పుతుందని. మనకు హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ కథ వెంటనే గుర్తొస్తుంది. హెపటైటిస్-బి టీకా పరిజ్ఞానాన్ని విదేశీ కంపెనీ నిరాకరించిందన్న పట్టుదలతో వరప్రసాద్ రెడ్డి 1993లో పెట్టిన ఆ సంస్థ 1997లో దేశీయ టీకా తెచ్చి ధరను నేలకు దించింది. అది ఆంక్ష కాదు, వ్యాపార నిరాకరణ. అయినా ఆ విజయం ఒంటరిగా వచ్చిందా? ఒమన్ పెట్టుబడి వచ్చింది, ఉస్మానియా విశ్వవిద్యాలయం, సీసీఎంబీ ప్రయోగశాల చోటిచ్చాయి. నిరాకరణ కసి పెంచింది, ఫలం మాత్రం సహకారం ఇచ్చింది. హెల్సింకీ తలుపు తెరవకపోతే హవానా కథా మొదలయ్యేది కాదు.

1975లో అమల్లోకి వచ్చిన జీవాయుధాల నిషేధ ఒప్పందంలో ఈ చిక్కుకు విరుగుడు ఎప్పుడో రాసుకున్నారు. ఆయుధాలు వదులుకున్న దేశాలకు శాంతియుత అవసరాల కోసం పరికరాలు, సామగ్రి, సమాచారం వీలైనంత విస్తారంగా ఇచ్చిపుచ్చుకునే హక్కు ఉందని దాని పదో అధికరణం చెబుతోంది. ఆ మాటను ఆచరణలోకి తేవాలంటే మూడు పనులు చాలు. టీకా, రోగనిర్ధారణ పరిశోధనలకు కావలసిన ముడిసరుకులు, విడిభాగాల జాబితా ప్రకటించి, వాటికి ఒక్కొక్క దరఖాస్తు అవసరం లేని సాధారణ అనుమతి ఇవ్వాలి. ఆ లావాదేవీలు జరిపే బ్యాంకుకు జరిమానా భయం లేదని ఆంక్షలు విధించిన ప్రభుత్వమే రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఏ సరుకునైనా నిరాకరిస్తే కారణం చెప్పి, ఒప్పంద సభ్యదేశాల ముందు సమీక్షకు ఒప్పుకోవాలి. అందుకు ప్రతిగా పుచ్చుకునే దేశం తన ప్రయోగశాలల లెక్కలు ఏటా ప్రకటించి, తనిఖీకి తలుపు తెరవాలి. నిజంగా ప్రమాదకరమైన సూక్ష్మజీవుల మీద, పరికరాల మీద నియంత్రణ యథాతథంగా ఉండవచ్చు. ఈ ప్రతిపాదనను బల్ల మీద పెట్టే అర్హత భారత్‌కు అందరికన్నా ఎక్కువ. పదో అధికరణం అమలు కోరే వర్ధమాన దేశాల పక్కన మనం దశాబ్దాలుగా కూర్చుంటున్నాం. ఎగుమతులను నియంత్రించే ఆస్ట్రేలియా గ్రూపులోనూ 2018 జనవరి నుంచి సభ్యులం. ఇచ్చేవాడి భయమూ పుచ్చుకునేవాడి ఆకలీ రెండూ తెలిసిన దేశం మనది. హవానాలో పుట్టిన మందు మన క్యాన్సర్ రోగుల నరాల్లోకి ఎక్కి ఇరవై ఏళ్లవుతోంది. ఆ రుణం తీర్చడానికి ఒప్పంద దేశాలు కలిసే జెనీవాలో ఈ మూడు వాక్యాలు మాట్లాడితే చాలు.