నమీ వేరు, సీలన్ వేరు

పోయిన ఆగస్టులో మా ఓనర్ సాబ్ వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా గడప దగ్గరే నిలబడి ఒక్క మాట చెప్పాడు. "నెలాఖరులోగా బాల్కనీలో కుండీలన్నీ తీసేయండి. కింది వాళ్ల సీలింగ్ పాడైపోతోంది." అసర్ నమాజ్ అయిపోయి అమ్మీ లోపల జానిమాజ్ మడుస్తోంది. విన్నది. ఏమీ అనలేదు. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర రెండు ముద్దలు తిని లేచిపోయింది.

అబ్బా పోయాక పాత ఇల్లు అమ్మి ఈ ఫ్లాటుకు వచ్చాం. అక్కడ సెహన్ ఉండేది, జామ చెట్టు ఉండేది, గోడ మీంచి పలకరించే పక్కింటి ఖాలా ఉండేది. ఇక్కడ అమ్మీకి ఉన్నవి ఇరవై ఆరు కుండీలు. పుదీనా, కొత్మీర్, కరివేపాకు, రెండు మొగ్రాలు, ఒక గులాబీ. అవి తీసేయమంటే ఆమెను మళ్లీ ఒకసారి ఇల్లు ఖాళీ చేయమన్నట్టే.

నాకు కోపమొచ్చింది. పేపర్లో పనిచేసేవాణ్ణి కదా, వెంటనే జవాబు తయారు చేసుకున్నా. ఆ తర్వాత కిందికి దిగి వాళ్ల సీలింగ్ చూశా. ఓనర్ సాబ్ అబద్ధమాడలేదు. సీనీ అంత మచ్చ. సున్నం పొరలు పొరలుగా రాలుతోంది. సరిగ్గా దాని కిందే పసిపాప ఊయల. నా జవాబు నా నోట్లోనే ఉండిపోయింది.

నేను చదివింది ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో చేశా. ఉర్దూలో నమీ అంటాం, సీలన్ అంటాం. మట్టికి, గాలికి ఉండాల్సినది నమీ. గోడకు పట్టేది సీలన్. తెలుగులోనూ అంతే, విత్తనానికి తేమ కావాలి, గోడకు చెమ్మ ఎక్కుతుంది. రెండు జబాన్లూ విడివిడిగా పేర్లు పెట్టి చెప్తున్నా, మనం మాత్రం రెంటినీ ఒకే బకెట్టుతో పోస్తున్నాం. నా ఫిర్యాదు ఓనర్ల మీద కాదు, మన ఈ ఆదత్ మీద.

మా ఇంట్లో జరిగింది చెప్తా. వుజూ నీళ్లు వృథాగా పోతే ఇస్రాఫ్ అని అమ్మీ ఒక టబ్బు పెట్టుకుంది. సబ్బు కలవని నీళ్లు, మొక్కలకు మంచివే. నీయత్ కూడా మంచిదే. కానీ వుజూ రోజుకు ఐదుసార్లు, కాబట్టి మొక్కలకూ ఐదుసార్లు! మే నెలలో అది చెల్లింది. హైదరాబాద్‌లో ఎండాకాలం మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతం కిందికి కూడా దిగిపోతుంది, పోసిన నీళ్లు పోసినట్టే ఆవిరవుతాయి. వానాకాలం ఉదయాల్లో అదే తేమ 80 దాటుతుంది. మట్టి ఆరదు. వేర్లకు గాలి ఆడదు. కుండీలన్నీ నేల మీదే ఉన్నాయి, జాలీ మట్టితో పూడుకుపోయింది, నీళ్లు మూలన నిలబడి టైల్స్ సందుల్లోంచి కిందికి దిగాయి. మొక్కలకేమైనా లాభమా అంటే, పుదీనా కాడలు మొదట్లో నల్లగా కుళ్లాయి. అంటే మొక్కా పోయింది, గోడా పోయింది.

ఈ బాధలో ఉండగా బర్మింగ్‌హామ్ నుంచి ఆపా ఫోన్. ఆమె పెరట్లో పార్స్‌నిప్ వేస్తుంది. చూడ్డానికి తెల్ల గాజర్‌లా ఉండే దుంప, చలికి మంచు తగిలితే ఇంకా తీపెక్కుతుంది. ఆమెకూ నమీతోనే గొడవ, అయితే వేరే రకంగా. పార్స్‌నిప్ విత్తనం మహా నఖ్‌రాల మనిషి. ఏడాది దాటిన విత్తనం సరిగ్గా మొలవదు. కొత్తదైనా మూడు, నాలుగు వారాలు పట్టొచ్చు. ఆ మధ్యలో ఒక్కసారి పై మట్టి ఎండిందా, ఖతం. అందుకే ఆపా కిచెన్ పేపర్ తడిపి, గట్టిగా పిండి, డబ్బాలో పరిచి, విత్తనాలు దాని మీద పెట్టి మూత వేస్తుంది. రోజూ తెరిచి చూస్తుంది. తెల్లటి మొలక కనిపించగానే తీసి మట్టిలో పెడుతుంది. ఆలస్యమైతే వేరు పొడవై విరుగుతుంది. "పిండడమే అసలు పని రా, నీళ్లు కారితే బూజు పడుతుంది" అంది. అదే ఇంట్లో చలికాలం బట్టలు లోపల ఆరేస్తే కిటికీ అద్దాలు చెమర్చి మూలల్లో బూజు. డబ్బాలో ఉన్నది నమీ, కిటికీ మీద ఉన్నది సీలన్.

అమ్మీ వెంటనే "మనమూ సఫేద్ గాజర్ వేద్దాం" అంది. మన ఎండలకు, డాబా మీద వేడికి ఆ పంట దండగ. దానికి బదులు దాని ఖాందాన్‌లోదే మామూలు గాజర్ ఉంది. కొత్మీర్, జీరా కూడా ఆ ఖాందానే. మనకు అక్టోబర్, నవంబర్‌లలో వేసుకోవచ్చు. అడుగు లోతు తగ్గని తొట్టె, రాళ్లు లేని గుల్ల మట్టి, గోరంత లోతులో విత్తనం. పైన తడి గోనె సంచి కప్పాలి. మన జబాన్‌లో చెప్పాలంటే విత్తనాన్ని దమ్ మీద పెట్టాలి. బిర్యానీకి నీళ్లు ఎక్కువైతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. మొలక కనబడ్డ రోజే సంచి తీసెయ్యాలి, లేకపోతే మొలకలు మొదట్లో కుళ్లి పడిపోతాయి. తర్వాత ఒకరోజు ఎండబెట్టి ఒకరోజు ముంచితే గాజర్ చీలుతుంది.

మా బాల్కనీలో మార్చినవి ఇవే. కుండీలన్నీ ఇటుకల మీదికి ఎక్కాయి, గోడకు జానెడు దూరం జరిగాయి. జాలీ శుభ్రమైంది. వుజూ నీళ్లు మూత ఉన్న బకెట్టులో చేరతాయి. ఫజర్ తర్వాత అమ్మీ వేలు రెండో కణుపు దాకా మట్టిలో గుచ్చి చూస్తుంది. పొడిగా ఉంటేనే పోస్తుంది. మిగిలిన నీళ్లు బాత్రూమ్ కడగడానికి. పళ్లేలు తీసేశాం, వాటిలో నిలిచిన మంచి నీళ్లే డెంగ్యూ దోమకు పుట్టిల్లు. వానాకాలం కుండీలు ఎడంగా, ఎండాకాలం దగ్గరగా, పైన ఎండాకుల పరుపు.

బాల్కనీ మొక్కలకు గాలి తేమ పెంచే మెషీన్లు కొనమని ఫోన్లో రోజూ ప్రకటనలు వస్తుంటాయి. తెరిచిన బాల్కనీలో ఆ పొగమంచు నిలిచేది ఎంతసేపు? ఆకుల మీద సాయంత్రం నీళ్లు చల్లినా అంతే, రాత్రంతా తడిగా ఉంటే తెగుళ్లను దావత్‌కు పిలిచినట్టు. డబ్బు పెట్టాలనిపిస్తే కొన్ని వందలకు దొరికే తేమ కొలిచే చిన్న మీటరు కొనండి, ఇంటి లోపల పెట్టండి. గదిలో రోజుల తరబడి 60 దాటుతుంటే కిటికీ తెరవండి. ఉబ్బసం ఉన్న పిల్లలున్న ఇంట్లో అది మొక్కల సంగతి కాదు, ఊపిరి సంగతి.

ఓనర్లకు ఒక మాట. కుండీలు తీసెయ్యమనడం తేలిక. ఇలా పెట్టుకోండి అని చెప్పడం దానికంటే ఇన్సాఫ్. అద్దెకుండే మనకూ ఒక మాట. సీలింగ్ మచ్చను "పాత బిల్డింగ్ లెండి" అని కొట్టిపారేయకండి. పొరుగువాడి హక్కు గురించి జుమా బయాన్‌లో విని తల ఊపుతాం. ఆ హక్కు మన జాలీ దగ్గర మొదలవుతుంది.

ఓనర్ సాబ్ మూడు నెలల మొహలత్ ఇచ్చాడు. కింది వాళ్ల సున్నం ఖర్చు మేమే పెట్టుకున్నాం. ఇరవై ఆరు కుండీలలో పదిహేడు మిగిలాయి. మిగతావి అమ్మీ బంధువుల ఇళ్లకు పంపింది, ఎవరికి ఏది ఇచ్చిందో ఇప్పటికీ లెక్క చెప్తుంది. సంక్రాంతి సెలవుల్లో కిందికెళ్లి చూశా, కొత్త సున్నం మీద మచ్చ లేదు. పైన తొట్టెలో గాజర్ ఆకు గుబురుగా ఉంది. కింద ఊయలలో పడుకున్న పాపకు పళ్లు వస్తున్నాయట. మొదటి గాజర్ దాని చేతికే అంటోంది అమ్మీ.