మల్బరీ పక్క మడికి మందు వద్దు

శివరాత్రితో చలి పోయింది. బోరు కాడ తలా రెండు మడులు దున్ని వంకాయ, టమాటా నారు నాటుకుంటున్నాం. ఇంటికి కూర దొరుకుతుంది, మంచిదే. కానీ ఆ మడి మల్బరీకి ఆనుకుని ఉంటే దానికి మందు కొట్టకూడదనేది మా మాట.

వంకాయ పురుగుని చంపే మందుకి పట్టుపురుగు వేరని తెలుస్తుందా? మొత్తం మేతలో 80 శాతం పైగా నాలుగో జ్వరం లేచాకే తింటాయి. ఆ వారంలో గాలికి తుంపర ఆకుమీద పడితే చాలు, గూడు కట్టాల్సిన పురుగు కక్కి పడిపోతుంది. వేపనూనె చెట్టు మందే కదా అంటారు కొందరు. అదీ పట్టుపురుగుకి పడదు.

అందుకే మల్బరీ వైపు దంటు, మెంతి, కొత్తిమీర చల్లుకుందాం. వంకాయ, టమాటా దూరంగా, గాలి తోట మీదికి రాని వైపు పెడదాం. పురుగు కనిపిస్తే చేత్తో ఏరేద్దాం. మందు కొట్టిన చేత్తో, ఆ బట్టలతో ఆకు కోయొద్దు. పురుగుల చెత్త పచ్చిగా వేయకుండా గుంతలో బాగా మాగాకే మడికి వేద్దాం.

పక్క చేను వాళ్ళకి చాకీ తెచ్చే తేదీ ముందే చెప్పండి. అడిగితే ఎవరూ కాదనరు. ఒక గంప వంకాయల కోసం ఒక పంట గూళ్లు పోగొట్టుకుంటామా?