చెఱకుతోటనుండి అరిష్టపు కుండకు

తిరుమల కొండమీద మద్యము నిషిద్ధమని సోదరీమణు లందఱు నెఱిగినదే. ఆ కొండ నీడనే, చంద్రగిరి దాపున, ద్రాక్షలు పులియబెట్టుటనే వృత్తిగా గైకొన్న యిల్లాలొకతె కలదని చెప్పినచో కొందఱు చెవులు మూసికొందురేమో! ఆమె చేయునది సారాయి కాదు, ద్రాక్షారిష్టము. అయినను ఆ రెంటికిని గల చుట్టరికమును దాచుట మాకిష్టము లేదు. ఆమె కథయంతయు ఆ చుట్టరికముననే యున్నది.

ఈమె స్వర్ణముఖీ తీరమున చెఱకు పండించు రైతు కూతురు. ఏడెనిమిదేండ్ల ప్రాయముననే తండ్రిప్రక్క కొప్పెరయొద్ద కూర్చుండి, మరుగుచున్న చెఱకుపాలపై తెట్టు తీయుటయు, సున్నపునీరు చల్లుటయు, ఉడుకు చప్పుడునుబట్టియే పాకము ముదిరినదో లేదో చెప్పుటయు నేర్చినదట. ఒకనాడు గానుగపాక వెనుక ఆకులు కప్పిన కుండ యొకటి కనబడెను. పొయ్యి లేదు, నిప్పు లేదు. లోపల మాత్రము బుసబుస పొంగుచుండెను. "అమ్మా, నిప్పు లేకుండానే ఇది ఎందుకు ఉడుకుతా ఉంది?" అని యడిగిన పిల్లకు సమాధానముగా చెంపదెబ్బ లభించెను. అది మేనమామ దాచిన సారాయి ఊట.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాయి యంగడిపై లేచిరి. ఆ యుద్యమము మన సీమకును ప్రాకినప్పుడు ఈమె తల్లి కొంగు బిగించి ఊరేగింపులలో ముందు నడచెను. 1993 అక్టోబరు 1వ తేదీన ప్రభుత్వము సారాయిని నిషేధించెను. మేనమామ అంతకు ముందే కాలేయము చెడి గతించియుండెను. తల్లి తమ్ముని పోగొట్టుకొన్నది. కూతురికి అడిగిన ప్రశ్న మిగిలిపోయినది.

ఆ ప్రశ్నకు సగము సమాధానము పాఠశాలలో దొరకెను. పులియుట కేవలము కుళ్లుట కాదనియు, కంటికగపడని జీవులు చేయు పని యనియు పాస్టరు పండితుడు 1857లోనే తెలియజేసెనట. తక్కిన సగము శార్ఙ్గధర సంహితలో నున్నది. ఔషధములను కాచి కషాయముతో చేసినది అరిష్టము, కాచక చేసినది ఆసవము. కొలత చెప్పనిచోట బెల్లములో సగము తేనెయు, పదియవవంతు చూర్ణములును వేయవలెను. మేమును బాల్యమున తాతగారియొద్ద ఆ గ్రంథము వల్లించితిమి గాని, యేనాడును కుండ చూచి యెఱుగము. వల్లించిన వారికిని వండువారికిని భేదమింత!

ఒక వైద్యుని యౌషధశాలలో ఆమె పని చేయుచుండగా చూచితిమి. ఎండుద్రాక్షలు నాలుగవవంతు మిగులునట్లు కాచి, చల్లార్చి, బెల్లము కరగించును. యాలకులు, దాల్చినచెక్క, నాగకేసరములు, మిరియాలు, పిప్పళ్లు చేర్చును. ధాతకీ పుష్పములను వేయును. కొండపొదలలో ఎఱ్ఱగా పూయు ఈ పూవులనంటియే పులియజేయు ఈస్టు అను సూక్ష్మజీవి వచ్చును. లోపల నేయి పూసిన జాడిలో పోసి, మూతకు చీలమన్ను పెట్టి నెలదినము లుంచును. పూర్వులు ధాన్యరాశిలో పాతిపెట్టుటకు కారణము వెచ్చదన మొక్కరీతిగా నుండుటకేనట. తఱి యెఱుగుటకు అగ్గిపుల్ల వెలిగించి జాడిమూతియొద్ద పట్టును. ఆఱిపోయినచో లోపల ఇంకను బొగ్గుపులుసు గాలి పుట్టుచున్నదన్నమాట. అంతకంటె ముందు చెవియొగ్గి వినును. ఆలస్యమైన పుల్లబడి శుక్తమగును. ఆ చెవి ఆమెకు కొప్పెరయొద్ద వచ్చినదే.

ఇందు మద్యాంశము లేదని మేము బొంకము. తనంతట పుట్టునది నూటికి 12 పాళ్లు మించరాదని నియమము. భోజనానంతరము ఒకటి రెండు చెంచాలు సమముగా నీరు కలిపి పుచ్చుకొనవలసిన దానిని గ్లాసులతో త్రాగువారును లేకపోలేదు. "మందు" అను మాటకు రెండర్థము లుండుట మన భాష చేసిన తంటాయని మా యింటివారు నవ్వుదురు గాని, ఆ తల్లికి నవ్వు రాలేదు. కూతురి చీరకు ఆ వాసన తగిలిననాడు, "నా తమ్ముణ్ణి తిన్న వాసన ఇది" అని, ఆఱేండ్లు ఆమె గడప త్రొక్కలేదు.

గడచిన మార్గశిరమున ఆ యవ్వ శ్రీవారిమెట్టు దారిని కొండకు పోవుచు, 2388 మెట్లెక్కుటకు ముందు, ఔషధశాల వాకిట నిలిచెను. మేమప్పు డక్కడనే యుంటిమి. కూతురు మాటాడక జాడి చూపెను. అవ్వ సంశయించి సంశయించి చెవి యానించెను. చాలసేపు వినెను. "మన కొప్పెర సన్నబడినప్పుడు ఇట్లే ఉంటాది" అని మాత్రమనెను. మంచిదనలేదు, చెడ్డదనలేదు. పోవునప్పుడు మూట యొకటి గడపలో పెట్టి వెనుదిరిగి చూడక నడచెను. అందు వారి తోటబెల్లము రెండుండలు.

అరిష్టములో వేసితిరా యని పిదప మేమడుగగా, "ఇంకా లేదు అమ్మణ్ణీ, మళ్లీ వచ్చినప్పుడు అమ్మచేతనే వేయిస్తా" నని, ఆమె అగ్గిపెట్టె తీసికొని తరువాతి జాడియొద్దకు పోయెను.