పెరటి మిరప
మిరప తెలుగునేలపై పుట్టినది కాదు, అమెరికాది. 16వ శతాబ్దమున పోర్చుగీసువారు తెచ్చిరి. దానిని సన్నకాయగా, లావుకాయగా, ఆకాశము జూచు సూదిమిరపగా నిలిపి తెలుగుదానిని జేసినది ఏటేటా గింజ దాచిన రైతులోగిళ్లే.

నేడు పెద్దారవీడు చుట్టుపట్ల మిరపరైతు విత్తనమును అంగడిలో కొనుచున్నాడు. సంకరజాతి కాయలోని గింజ మరుసటియేట తల్లిగుణము నిలుపదు. ఏటేటా కొనక తప్పదు. 2021-22లో తెలుగునాట నల్ల తామరపురుగు తోటలను మాడ్చినప్పుడు పలువురి సొమ్ము మట్టిలో కలిసెను.

కనుక పెరటిలో నాలుగైదు నాటురకములు పెంచువారిది వట్టి వేడుక యని నవ్వుట తగదు. ఒక్క చిక్కు గలదు: చెంతచెంత నాటినచో తేనెటీగలు రకములను కలిపివేయును. విత్తనమున కెంచిన కొమ్మకు పూవు విచ్చకముందే పలుచని గుడ్డసంచి తొడిగి, పిందె కట్టిన పిదప తీసి, గుర్తుగా దారము ముడివేయవలెను. సొరగింజలను పేడలో అద్ది గోడకు గొట్టి దాచిన ఇల్లాండ్ర కిది ఏపాటి పని!