దుబాసీ అక్కర్లేని బజారు

షాంఘైలో ఇరవయ్యేళ్లుగా ఉంటున్న ఏ పాశ్చాత్యుణ్ణి కదిపినా కూల్చేసిన పాత సందుల ఇళ్ల గురించి, 2006లో మూతపడ్డ షియాంగ్‌యాంగ్ నకిలీ సరుకుల బజారు గురించి, 2016లో దీపాలారిపోయిన యోంగ్‌కాంగ్ రోడ్డు బార్ల గురించి చెబుతాడు. చైనా నగరాల మార్పును ప్రపంచం చాలావరకు ఈ కళ్లతోనే చూసింది. రాసే తీరిక, అచ్చువేసే పత్రికలు వాళ్లకున్నాయి మరి. అదే షాంఘైలో బుల్లెట్ రైలెక్కితే రెండు గంటల్లోపు వచ్చే యివూలో ఇంకో రకం విదేశీయులున్నారు. యెమెన్ నుంచి, అఫ్ఘానిస్థాన్ నుంచి, మన దేశం నుంచి వెళ్లి అక్కడే ఉండిపోయిన వ్యాపారులు. వాళ్లు జ్ఞాపకాలు రాయరు, పద్దులు రాసుకుంటారు. ఊరు మారడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ పద్దులే నయమని నాకనిపిస్తుంది.

హైదరాబాద్ బేగంబజార్‌లో హెయిర్ క్లిప్పులు, ప్లాస్టిక్ బొమ్మలు టోకున అమ్మేవాళ్లకు యివూ పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. అక్కడి ఫూతియెన్ బజారులో దాదాపు 75 వేల దుకాణాలున్నాయి. ఒక్కోదాని ముందు 3 నిమిషాలు ఆగుతూ రోజుకు 8 గంటలు తిరిగినా మొత్తం చూసేసరికి ఏడాదీ మూడు నెలలు దాటిపోతాయి. ఇంతటి బజారు పుట్టుక మాత్రం మనం ఎరిగిన కథే. తలవెంట్రుకలు తీసుకుని స్టీలు గిన్నెలిచ్చేవాళ్లు మన వీధుల్లో తిరిగినట్టే, యివూ రైతులు గిలక వాయించుకుంటూ ఊరూరా తిరిగి బెల్లం బిళ్లలిచ్చి కోడి ఈకలు పోగేసుకునేవారు. ఆ ఈకలు పొలానికి ఎరువు. ఇలాంటి తిరుగుడు బేరగాళ్లు ఒకచోట కూర్చుని అమ్ముకోవచ్చని అక్కడి యంత్రాంగం 1982లో ఒప్పుకుంది. మిగతాదంతా ఆ తర్వాతి సంగతి.

ఫూతియెన్ మొదటి భవనం తెరిచింది 2002లో. అప్పట్లో అమ్మే ఆమెకు ఇంగ్లీషు రాదు, కొనేవాడికి చైనీస్ రాదు. మధ్యలో కాలిక్యులేటర్ ఒకటి. ఆమె ఓ అంకె నొక్కి ఇటు తిప్పుతుంది. ఇతను దాన్ని తుడిచేసి ఇంకో అంకె నొక్కి అటు తిప్పుతాడు. ఆ ధర డజనుకా, కార్టన్‌కా, కార్టన్‌లో ఎన్ని డజన్లు, నాసిరకం తేలితే వెనక్కి తీసుకుంటారా అనే దగ్గరికొచ్చేసరికి అంకెలు చాలవు. అక్కడే ఏజెంటుతో పని పడేది. నలభై దుకాణాల్లో కొన్న సరుకును గోడౌన్‌కు చేర్పించాలి, పెట్టెలు విప్పి చూడాలి, మార్కా వేయించాలి, ఒకే కంటైనర్‌లో ఖాళీ మిగలకుండా సర్దించాలి. అందుకు కమిషన్. కంపెనీ దొరల కాలంలో మద్రాసు దుబాసీలు చేసిన పని కూడా ఇంచుమించు ఇదే.

ఆ కమిషన్ మీదే ఒక ఊరు లేచింది. పట్టు మిల్లు మసీదైంది. అరబ్బుల హుక్కా హోటళ్లు, మన రోటీ దుకాణాలు వెలిశాయి. ఆ రోజులు చూసినవాళ్లు ఇప్పుడు ‘మునుపటి యివూ కాదిది’ అంటారు. నిజమే, అద్దెలు పెరిగాయి, అరువు తగ్గింది. కానీ వాళ్ల మాటలో ‘మునుపు’ అంటే తమతో అవసరం ఉన్న కాలమని నేను అర్థం చేసుకుంటాను. భవనం మారినందుకు ఎవరూ అంతగా బాధపడరు. తాను లేకపోయినా బేరం కుదిరిపోతోందని తెలిసినప్పుడే ఊరు పరాయిదవుతుంది.

అరువు తగ్గడానికి కారణం ఒక్క దుకాణదారుల పిసినారితనమే కాదు. అడ్వాన్స్ కొంచెం ఇచ్చి, మిగతాది నెలల తర్వాత కడతామని సరుకెత్తి మాయమైన విదేశీ వ్యాపారులు ఎందరో. 2011 చివర్లో ఒక యజమాని బాకీలు ఎగ్గొట్టి పారిపోతే, అతని దగ్గర పనిచేసే ఇద్దరు భారతీయులను స్థానిక వ్యాపారులు నిర్బంధించారు. యివూతో వ్యాపారం పెట్టుకోవద్దని మన రాయబార కార్యాలయం హెచ్చరించేదాకా వెళ్లింది వ్యవహారం. 2013లో ఆ ఊరు చేసిన పని ఆసక్తికరం. విదేశీయులతో వచ్చే తగాదాలు తీర్చడానికి ఒక మధ్యవర్తిత్వ సంఘం పెట్టి, పాతుకుపోయిన విదేశీ వ్యాపారులనే అందులో పెద్దమనుషులుగా కూర్చోబెట్టింది. మన రచ్చబండ గుర్తొస్తుంది. ఎగ్గొట్టినవాణ్ణి ఎగ్గొట్టగల తెలివి తెలిసినవాడే పట్టుకోగలడని వాళ్లు గ్రహించారు.

అసలు దెబ్బ కరోనాతో తగిలింది. 2020 మార్చి ఆఖరులో చైనా విదేశీయులకు తలుపులు మూసింది, 2023 మార్చి దాకా పూర్తిగా తీయలేదు. సెలవుకు స్వదేశాలకు వెళ్లినవాళ్లు చాలామంది అక్కడే చిక్కుకుపోయారు. ఆ మూడేళ్లలో కొనేవాడు వీచాట్‌లో వీడియో కాల్ చేశాడు, అమ్మే ఆమె బొమ్మను ఫోన్ ముందు పెట్టి తిప్పి చూపింది, కంటైనర్లు కదిలాయి. ఏజెంటు లేకుండా కొంతవరకైనా నడుస్తుందని ఇద్దరికీ అర్థమైంది. ఒకసారి అర్థమైన సంగతిని మళ్లీ మరిపించడం కష్టం. మన విషయంలో ఎడబాటు ఇంకా ఎక్కువే. భారత్–చైనా నేరుగా విమానాలు ఐదేళ్ల తర్వాత, 2025 అక్టోబరులో గానీ తిరిగి మొదలవలేదు.

షాంఘైకీ ఈ దెబ్బ తప్పలేదు. 2010 జనగణనలో విదేశీయులు, హాంకాంగ్, మకావ్, తైవాన్ వాసులు కలిపి అక్కడ 2.08 లక్షల మంది. 2020 నాటికి 1.64 లక్షలు. కాకపోతే షాంఘై వదిలిన మేనేజరుకు సింగపూర్‌లో మరో కుర్చీ దొరుకుతుంది. యివూ వదిలిన యెమెనీ వ్యాపారి ఏ ఊరికి తిరిగి వెళతాడు?

ఉండిపోదామంటే అదీ తేలిక కాదు. శాశ్వత నివాసానికి చైనా 2004లో నిబంధనలు తెచ్చినా అది దక్కినవాళ్లు బహు కొద్దిమంది. పిల్లలు చైనీస్ బడిలో చదువుతూ ఇంట్లో అమ్మానాన్నలకే దుబాసీలవుతారు, తండ్రి మాత్రం పర్మిట్ గడువు దగ్గరపడినప్పుడల్లా కాగితాలు పట్టుకుని తిరుగుతాడు. జగిత్యాల నుంచి దుబాయ్ వెళ్లి పాతికేళ్లున్నవాళ్లకు ఇది కొత్తగా వివరించనక్కర్లేదు.

2025 అక్టోబరులో యివూలో మరో కొత్త బజారు భవనం తెరిచారు. అక్కడ అమ్మే ఆమె చైనీస్‌లో ఒక్కసారి మాట్లాడి రికార్డు చేస్తే చాలు, కృత్రిమ మేధ ఆమె ముఖంతోనే, పెదాలు సరిగ్గా కదిలిస్తూ, అరబ్బీలోనో స్పానిష్‌లోనో సరుకు గురించి చెప్పిస్తుంది. ఇన్నేళ్లుగా కంటైనర్లు నింపిస్తున్న ఏజెంటుకు మిగిలింది చేతివేళ్ల పని. అట్టపెట్టె మూలన నొక్కి చూసి ఇది ఓడలో తడికి ఆగదనడం, బొమ్మకారు చక్రం గుంజి చూసి ఈ కార్టన్ పక్కన పెట్టమనడం. ఫోన్ తెర మీద వచ్చే బొమ్మకు చక్రం గుంజి చూడటం ఇంకా కుదరడం లేదు కాబట్టి గోడౌన్ తాళంచెవులు ప్రస్తుతానికి అతని దగ్గరే ఉన్నాయి.