గ్రాంటు కాదు, బాకీ

“జనం పన్ను కట్టరు, అందుకే పంచాయతీకి డబ్బు లేదు” అని మొన్న మా స్టాఫురూములో వొక మిత్రుడు తేల్చేశాడు. చదువుకున్నవాళ్లకు యీ వాదం చాలా హాయిగా వుంటుంది. తప్పు పక్కింటివాడిదైతే ప్రభుత్వాన్ని అడగవలసిన పని లేదు గదా!

నేను అర్థశాస్త్రం చదివినవాణ్ణి కాను, తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి. కాని లెక్కల్లో కూడా మాటలుంటాయి. మాటల వెనక దాగిన మోసాన్ని పట్టుకోవడం నా పని.

ఉరవకొండ 2011 జనాభా లెక్కల నాటికే 30 వేలు దాటిన వూరు. జనంలోనూ బజారులోనూ పట్టణమే. దశాబ్దాల తరబడి పాలన మాత్రం గ్రామపంచాయతీది. ఏడాదంతా వాన లేదని ఏడ్చే యీ వూళ్లో వొక్క గట్టి వాన పడితే మురుగు పొంగి మగ్గం గుంటలోకి దిగుతుంది. గుంట ఆరేదాకా నేతగాడికి పని లేదు, కూలి లేదు. అతను కట్టే యింటిపన్ను గురించి ఉపన్యసించేవారు యీ నష్టాన్ని యే పద్దులో రాస్తారు?

అతను పన్ను కట్టడం లేదా? సబ్బు కొంటే కడుతున్నాడు, చెప్పులు కొంటే కడుతున్నాడు. ఆ డబ్బు ఢిల్లీకీ రాజధానికీ పోతుంది. పంచాయతీకి మిగిలింది యింటిపన్ను, కుళాయిపన్ను వంటివే. 2024 జనవరిలో రిజర్వుబ్యాంకు వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని పంచాయతీల రాబడిలో సొంత పన్నులు సుమారు 1 శాతం. కేంద్ర గ్రాంట్లు 80, రాష్ట్రాలవి 15. సొంత పన్నులు రెట్టింపు వసూలైనా ఆ 1 కాస్తా 2 అవుతుంది. మిత్రుని వాదం విలువ అంతే.

జనం డబ్బు పైకి పోయేటప్పుడు ‘పన్ను’, తిరిగి వచ్చేటప్పుడు ‘గ్రాంటు’! బాకీ తీర్చేవాడు దాత వేషం కట్టడమంటే యిదే.

1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ 29 అంశాల పట్టిక చేర్చింది. కాని ఆ అంశాలనూ పన్నులు వేసే అధికారాన్నీ శాసనసభ పంచాయతీలకు ‘ఇవ్వవచ్చు’నన్నది, ‘ఇవ్వాలి’ అనలేదు. ఆ ‘వచ్చు’లోనే వున్నది కిటుకంతా. ఇచ్చే మనసుంటే అదే రాజ్యాంగం కింద కేరళ 1996లో ప్రణాళికా నిధుల్లో మూడోవంతుకు పైగా స్థానికసంస్థలకు కేటాయించింది. ఇక్కడో? 2021లో ఆర్థికసంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద జమకట్టుకున్నారు. సర్పంచులు రోడ్డెక్కవలసి వచ్చింది.

కరెంటు బిల్లు కూడా పంచాయతీ దుబారాయేనా? మెట్టసీమలో నీళ్లు వాటంతటవి పారవు. పాతాళం నుంచో దూరపు జలాశయం నుంచో యెత్తిపోయాలి. 15వ ఆర్థికసంఘం స్థానికసంస్థల నిధులను రాష్ట్రాలకు పంచిన కొలత 90 పాళ్లు జనాభా, 10 పాళ్లు విస్తీర్ణం. కరువుకు అందులో వొక్క పాలూ లేదు.

“ఆర్థికమంత్రి మనవాడే గదా” అనే ఓదార్పు వొకటున్నది. మా శాసనసభ్యులు పయ్యావుల కేశవ్ 2024 జూన్‌లో ఆ పదవి చేపట్టారు. హక్కుకు బంధుత్వం అక్కర్లేదు, దయకే కావాలి.

మనం కూడా వొక తప్పు ఒప్పుకోవాలి. ఢిల్లీ బడ్జెట్టుపై సభలు పెట్టే మనలో యెందరం పంచాయతీ బడ్జెట్టు చదివాం? బజారులో మేడలకు యెంత పన్ను వేశారో, మగ్గం గుడిసెకు యెంత వేశారో గ్రామసభలో అడిగామా? కరువు మీద కవిత్వం రాశాం, మంచిదే. ఇక కరువు జమాఖర్చు కూడా చదువుదాం. విద్యార్థులారా, రాబోయే గ్రామసభకు చేతిలో లెక్క పట్టుకుని రండి. అక్కడ ‘గ్రాంటు’ అన్న ప్రతిచోటా ‘బాకీ’ అని దిద్దుదాం.